చెరపట్టినవారి భాషకు అక్షరాలిచ్చినవాడు

కప్పదొకియ అన్న పేరు మన బైబిల్లో రెండుచోట్ల కనిపిస్తుంది. పెంతెకొస్తు దినాన యెరూషలేములో దేవుని గొప్ప కార్యాలను తమతమ భాషల్లో విన్నవారి జాబితాలో ఒకసారి, పేతురు మొదటి పత్రిక ఆరంభంలో మరోసారి. నేటి టర్కీ దేశం మధ్యలో ఉన్న ఎత్తైన ప్రాంతమది. క్రీ.శ. 3వ శతాబ్దం మధ్యలో, వలేరియన్, గలియేనస్ చక్రవర్తుల కాలంలో, గోత్ అనే యుద్ధజాతి నల్లసముద్రం దాటివచ్చి ఆ సీమమీద పడింది. ఊళ్లు దోచుకుని, మనుషుల్ని చెరపట్టుకుపోయింది. పార్నాసస్ పట్టణం దగ్గరి సదగొల్థిన అనే పల్లెనుంచి అలా ఈడ్చుకెళ్లినవారిలో ఒక క్రైస్తవ కుటుంబముంది.

వాళ్లను డాన్యూబ్ నదికి ఉత్తరాన, నేటి రొమేనియా ప్రాంతానికి తీసుకెళ్లారు. చేతిలో ఏమీ లేకుండా వెళ్లిన ఆ బందీలు తమ విశ్వాసాన్ని మాత్రం వదులుకోలేదు. పైగా తమను చెరపట్టినవారిలోనే కొందరిని ప్రభువువైపు తిప్పారని పాత సంఘచరిత్రకారుడు ఫిలోస్టోర్గియస్ రాశాడు. ఆయనదీ కప్పదొకియే, కనుక ఈ సంగతి తన ప్రాంతంవాళ్ల కథగా ఆయనకు తెలుసు.

311 ప్రాంతంలో ఆ కుటుంబంలో ఒక పిల్లవాడు పుట్టాడు. వుల్ఫిలా అని పేరు పెట్టారు. గోతిక్ భాషలో వుల్ఫ్స్ అంటే తోడేలు, చివరన ఇలా చేరితే ముద్దుపేరు. అంటే చిన్న తోడేలు. చెరలోకి వచ్చిన కుటుంబానికి అప్పటికే చెరపట్టినవారి భాష ఇంటిభాష అయిపోయిందన్నమాట. వుల్ఫిలాకు గ్రీకు వచ్చు, లాటిన్ వచ్చు. కానీ గోతిక్ ఆయన నేర్చుకున్న భాష కాదు, పుట్టి పెరిగిన భాష. తర్వాత జరిగిన దానికంతటికీ ఇదే పునాది.

యౌవనంలో సంఘంలో వాక్యం చదివే పరిచర్య చేశాడు. వాక్యం ఉన్నది గ్రీకులో, వినేవారిలో చాలామందికి గ్రీకు రాదు. చదివింది చదివినట్టు వదిలేస్తే ఎవరికీ అందదు కాబట్టి నోటిమాటగా గోతిక్‌లో చెప్పే ఉంటాడు. 30 ఏళ్ల వయసులో, 341 ప్రాంతంలో, ఆయన్ను గోత్‌ల మధ్యనున్న క్రైస్తవులకు బిషప్‌గా అభిషేకించారు. చేతులుంచినది నికోమీడియా యూసేబియస్. కాన్‌స్టాంటైన్ చక్రవర్తికి 337లో మరణశయ్యపై బాప్తిస్మమిచ్చిన యూసేబియస్ ఈయనే.

ఏడేళ్లు డాన్యూబ్ అవతల సేవ జరిగింది. అప్పుడు గోత్ అధిపతి ఒకడు క్రైస్తవులమీద హింస మొదలుపెట్టాడు. కొందరు ప్రాణాలిచ్చారు. మిగిలినవారిని వెంటబెట్టుకుని వుల్ఫిలా నది దాటి రోమా సామ్రాజ్యంలోకి వచ్చాడు. రెండో కాన్‌స్టాంటియస్ చక్రవర్తి వారిని ఆదరించి, నేటి బల్గేరియాలోని నికోపోలిస్ పట్టణం దగ్గర కొండల పాదాన స్థలమిచ్చాడు. ప్రజలను నీళ్లు దాటించి తెచ్చిన ఈ బిషప్‌ను చక్రవర్తి మోషేతో పోల్చేవాడట. ఆ ప్రజలు మాత్రం గొప్పగా ఏమీ బతకలేదు. రెండువందల ఏళ్ల తర్వాత, 6వ శతాబ్దంలో, జోర్డానిస్ అనే చరిత్రకారుడు వారి వంశస్థుల గురించి రాస్తూ, పేదవారనీ, యుద్ధం ఎరుగనివారనీ, పశువులూ పచ్చికా తప్ప ఆస్తి లేనివారనీ చెప్పాడు. రోమును వణికించిన జాతిలో ఇలాంటి శాఖ ఒకటుండడం ఆశ్చర్యమే.

గోత్‌లకు పుస్తకం లేదు. రూన్లు అనే గీతల్లాంటి అక్షరాలు కొన్నుండేవి, కర్రమీదో లోహంమీదో నాలుగు మాటలు చెక్కుకోవడానికి. తెలుగువారి దగ్గరకు వచ్చిన మిషనరీలకు మన లిపి సిద్ధంగా దొరికింది. వుల్ఫిలాకు ఆ అదృష్టం లేదు. గ్రీకు అక్షరాలను ఎక్కువగా, లాటిన్ నుంచి కొన్నింటిని తీసుకుని, రూన్లనూ చూసుకుని 27 గుర్తులతో ఒక లిపి కూర్చాడు. అందులో రెండు ఉత్త అంకెలకే. ఆ లిపిలో ఆయనా, ఆయనతో పనిచేసినవారూ బైబిలును గోతిక్‌లోకి తెచ్చారు.

ఒక్కటి తప్ప. సమూయేలు, రాజుల గ్రంథాలను ఆయన కావాలనే వదిలేశాడని ఫిలోస్టోర్గియస్ అంటాడు. గోత్‌లకు యుద్ధమంటే అసలే పిచ్చి, వాళ్లకు కళ్లెం కావాలిగాని అదిలింపు కాదు అన్నది ఆయన ఆలోచనట. లేఖనంలో ఏ భాగాన్నయినా దాచే అధికారం ఎవరికుంది అని నా మనసు అడుగుతూనే ఉంటుంది. దావీదు కథ వినకుండా దావీదు కుమారుణ్ణి ఎలా అర్థం చేసుకుంటారు? అయితే దోపిడీలో చెరపట్టిన కుటుంబంలో పుట్టినవాడి భయం మనకు తెలియదు. తీర్పు చెప్పడం సులువే.

ఇక్కడ కాస్త వ్యాకరణం చెప్పుకోవాలి. ఈ పేజీలో వ్యాకరణమేమిటని విసుక్కోకండి. అది చూడకపోతే వుల్ఫిలా చేసిన పని ఎంతటిదో తెలియదు.

తెలుగులో క్రియకు కాలం చివర చేరుతుంది. కట్టు, కట్టాడు, కట్టారు. ఇందులో మొదలు కదలదు. గోతిక్‌లో కట్టడం అంటే బిందన్. ఒకడు కట్టాడంటే బంద్. పలువురు కట్టారంటే బుందున్. కట్టబడినవాడు బుందన్స్. హల్లులు ఉన్నచోటే ఉన్నాయి, నడుమనున్న అచ్చు మారింది: ఇ, అ, ఉ. మన బంధం, బంధువు అన్న మాటలకు మూలమైన సంస్కృత ధాతువూ ఈ గోతిక్ మాటా ఒకే వేరునుంచి వచ్చినవి.

ఈ అచ్చుల మార్పు మనకు మరీ కొత్త కాదు. బడిలో గుణసంధి, వృద్ధిసంధి చదివినవారు ఒకసారి గుర్తు చేసుకోండి. విద్యలో ఇకారం, వేదంలో ఏకారం, వైద్యుడులో ఐకారం. వేరు ఒకటే, విద్ అంటే తెలియడం. గోతిక్‌లో నాకు తెలుసు అనడానికి వైత్, మాకు తెలుసు అనడానికి వితుమ్. సంస్కృతంలో ఆ రెండూ వేద, విద్మ. కప్పదొకియ బందీల మనవడు పలికిన మాటకూ, మన పిల్లల పుస్తకంలోని విద్య అన్న మాటకూ ఇంత దగ్గర చుట్టరికం.

ఇలా లోపలి అచ్చు మార్చుకునే క్రియలను బలమైన క్రియలంటారు. గోతిక్‌లో వీటికి ఏడు తరగతులు. పట్టుకోవడం గ్రీపన్, గ్రైప్, గ్రిపున్, గ్రిపన్స్ అని నడుస్తుంది. తీసుకోవడం నిమన్, నమ్, నేమున్, నుమన్స్. ఇవ్వడం గిబన్, గఫ్, గేబున్, గిబన్స్. ప్రయాణించడం ఫరన్, ఫోర్, ఫోరున్, ఫరన్స్. చాలా తరగతుల్లో చేసినవాడు ఒకడా, పలువురా అన్నది అచ్చులోనే తెలిసిపోతుంది. ఏడో తరగతి తీరు వేరు. అది మొదటి అక్షరాన్ని రెండుసార్లు పలుకుతుంది. పిలవడం హైతన్, పిలిచాడు హెహైత్. సంస్కృతంలో ఇచ్చాడు అనడానికి దదౌ అన్నట్టే. విడిచిపెట్టడం లేతన్ అయితే, విడిచిపెట్టాడు లెలోత్. అక్కడ అక్షరమూ రెట్టించింది, అచ్చూ మారింది.

రెండో రకం బలహీన క్రియలు. వీటి అచ్చు మారదు, మనలాగే చివర ఒక ప్రత్యయం, ద అని, తగిలించుకుంటాయి. బలమైన క్రియలు తాతల నాటినుంచి వచ్చినవి, కొత్తగా పుట్టించడం సాధ్యం కాదు. బయటినుంచి మాట వస్తే అది బలహీన క్రియ కావలసిందే. ప్రవచించడం అన్న క్రియకు గోత్‌ల దగ్గర మాట లేదు. వుల్ఫిలా గ్రీకు మాటనే తీసుకుని ప్రొఫేత్యన్ అన్నాడు. అది చక్కగా బలహీన క్రియల వరుసలో కూర్చుంది. అన్ని మాటలకూ ఇలాగే చేసి ఉంటే సులువుగా అయిపోయేది, కానీ అది గ్రీకు వాసన కొట్టే బైబిలయ్యేది. ఆయన అలా చేయలేదు.

పరలోక ప్రార్థననే చూడండి. రాజ్యం వచ్చుగాక అన్నచోట క్విమై. చిత్తం నెరవేరుగాక అన్నచోట వెర్థై. ఆహారం దయచేయుమన్నచోట గిఫ్. క్షమించుమన్నచోట అఫ్లేత్. నాలుగూ బలమైన క్రియలే, రావడం, అవడం, ఇవ్వడం, విడిచిపెట్టడం. తల్లి పిల్లవాణ్ణి పిలిచేటప్పుడు, గిన్నెలో పాలు పోసేటప్పుడు నోట వచ్చే మాటలు. గోత్ గుడారంలో ఏ ముసలమ్మకూ వీటిని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక పునరుత్థానం. మన పిల్లలు ఇంగ్లీషు గ్రామరులో రైజ్, రోజ్, రిజెన్ అని ఒక వరుసా, రెయిజ్, రెయిజ్డ్ అని మరో వరుసా బట్టీపట్టి పరీక్షలో రెండూ కలిపేస్తుంటారు. నేనూ కలిపేసినవాణ్ణే. ఒకటి తాను లేవడం, రెండోది మరొకరిని లేపడం. ఈ రెండింటికీ గోతిక్‌లో తోబుట్టువులున్నాయి. లేవడం ఉర్రీసన్, బలమైన క్రియ. లేపడం ఉర్రైస్యన్, బలహీన క్రియ. ఖాళీ సమాధి దగ్గర దూత స్త్రీలకు చెప్పిన కబురు మార్కు సువార్తలో ఉర్రైస్ అన్న ఒక్క మాటలో ఉంది: ఆయన లేచాడు. ప్రభువు ప్రాణం విడిచినప్పుడు సమాధులు తెరుచుకుని నిద్రించిన పరిశుద్ధులు లేచిన సంగతి మత్తయి 27లో ఉంది కదా, అక్కడ ఉర్రిసున్: వారు లేచారు. ఆయన ఒక్కడు లేచినప్పుడు ఐకారం, వారందరూ లేచినప్పుడు ఇకారం. దేవుడు ఆయనను మృతులలోనుండి లేపాడని రోమా 10లో పౌలు చెప్పిన చోట ఉర్రైసిద. తానుగా లేచాడన్న మాటలోని ఆ ఐకారమే, దేవుడు లేపాడన్న మాటలోనూ నిలిచింది.

రక్షణ అన్న మాటదీ ఇదే దారి. గనిసన్ అంటే బాగుపడడం, రక్షింపబడడం. బలమైన క్రియ. దానిలోని ఇకారం అకారమైతే నస్యన్, అంటే బాగుచేయడం, రక్షించడం. రక్షకుడు అన్న మాట దీనినుంచే, నస్యన్ద్స్. మార్కు 5లో రక్తస్రావం గల స్త్రీ వస్త్రం ముట్టితే చాలు బాగుపడతానని తలంచుకున్నప్పుడు ఆ ఇకారపు మాట, గనిస. నీ విశ్వాసం నిన్ను బాగుచేసిందని ప్రభువు ఆమెతో అన్నప్పుడు అకారపు మాట, గనసిద. గ్రీకులో రెండుచోట్లా ఒకటే క్రియ. మన తెలుగులో పడు, పరచు అన్న రెండు మాటలతో చూపించే తేడాను గోతిక్ ఒక్క అచ్చుతో చూపించింది. వుల్ఫిలా దాన్ని గుర్తెరిగి వాడుకున్నాడు. భాష లోపల పుట్టినవాడికే ఇది సాధ్యం.

అన్నీ అచ్చుల సంగతులే కాదు. గోతిక్‌లో, సంస్కృతంలోలాగే, ద్వివచనం ఉంది. కొత్త నిబంధన గ్రీకులో అది లేదు. మార్కు 10లో జెబెదయి కుమారులు ప్రభువును కుడి ఎడమ ఆసనాలడిగినప్పుడు, మీరేమి అడుగుతున్నారో మీకు తెలియదని ఆయన అన్నచోట వుల్ఫిలా వితుత్స్ అని పెట్టాడు. మీ ఇద్దరికీ అని అర్థం. మనం పైన చూసిన తెలియడమనే ఆ క్రియే. గ్రీకు మూలంలో ఇద్దరు అని లేదు, కానీ గోత్ చెవికి ఇద్దరితో మాట్లాడి బహువచనం వాడితే వింతగా ఉంటుంది. మరోపక్క కొన్ని ఇబ్బందులూ ఉన్నాయి. గ్రీకు క్రియకు కాలాలు చాలా. గోతిక్‌కు రెండే, జరిగింది ఒకటి, మిగిలినదంతా ఒకటి. భవిష్యత్తుకు వేరే రూపం లేదు. మనమూ వస్తాడు అన్న ఒక్క మాటను రోజూ వచ్చేవాడికీ, రేపు రాబోయేవాడికీ వాడుకోవడంలేదా? అలాగే నెట్టుకొచ్చాడు.

ఇప్పుడు దాచకూడని మాట ఒకటి. వుల్ఫిలా మన సంఘాలు ఒప్పుకునే నీకయ విశ్వాసప్రమాణానికి కట్టుబడినవాడు కాడు. 325 నాటి ఆ ప్రమాణం కుమారుడు తండ్రితో ఒకే తత్వం గలవాడని చెబుతుంది. వుల్ఫిలా కుమారుణ్ణి ఆరాధించాడు, ప్రకటించాడు, కానీ తండ్రికంటే తక్కువవాడుగా ఎంచాడు. 360లో కాన్‌స్టాంటినోపుల్ సభలో ఆ పక్షానే నిలిచాడు. ఆయన తర్వాత గోత్‌లు శతాబ్దాలపాటు ఆ బోధలోనే ఉన్నారు. అది తప్పు బోధే. అయితే ఆయన అనువాదంలో ఆ బోధ దూరిందా అని వెతికినవారికి దొరికింది చాలా తక్కువ. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో దేవునితో సమానం అన్నచోట పోలిక అని అర్థమిచ్చే మాట వాడాడని కొందరు పట్టుకున్నారు, దానిమీద వాదనలు ఇంకా ఉన్నాయి. యోహాను 10లో నేనును తండ్రియు ఏకమైయున్నామన్న భావాన్ని ఆయన మార్చలేదు, ద్వివచన క్రియతో ఉన్నదున్నట్టు ఉంచాడు. తన అభిప్రాయానికి అడ్డొచ్చే వచనాన్నీ ఆయన కలం గౌరవించింది.

381లో కాన్‌స్టాంటినోపుల్‌లో జరిగిన మహాసభ నీకయ విశ్వాసాన్నే స్థిరపరచింది. 383లో థియొడోసియస్ చక్రవర్తి పిలుపుమీద వృద్ధుడైన వుల్ఫిలా రాజధానికి వెళ్లాడు, అక్కడే జబ్బుపడి కన్నుమూశాడు. బిషప్‌గా 40 ఏళ్లు నిండాయి. చనిపోతూ తన విశ్వాసాన్ని రాతపూర్వకంగా తన ప్రజలకు వదిలివెళ్లాడు. ఈ సంగతులు రాసినవాడు ఆక్సెంటియస్. చిన్నప్పుడే తలిదండ్రులు అతణ్ణి వుల్ఫిలా చేతుల్లో పెడితే, ఆయన తన బిడ్డలా పెంచి వాక్యం నేర్పాడు. ఆ శిష్యుడి ఉత్తరం దక్కిన తీరు చూస్తే నవ్వొస్తుంది. నీకయ పక్షాన పోరాడిన ఆంబ్రోస్ రచన ఉన్న ఒక లాటిన్ చేతిప్రతి పుటల అంచుల్లో ఎవరో దాన్ని రాసిపెట్టారు. పారిస్‌లో ఇప్పటికీ ఉంది, ప్రత్యర్థి పుస్తకం అంచున.

410లో గోత్‌లు రోమును దోచుకున్నారు. సంఘాల్లో తలదాచుకున్నవారి జోలికి మాత్రం పోలేదని ఆగస్టీన్ రాశాడు. తర్వాత గోత్ రాజ్యాలు ఇటలీలో, స్పెయిన్‌లో లేచి, పడ్డాయి. భాష కూడా పోయింది. క్రిమియాలో ఒక మూల మాత్రం 16వ శతాబ్దందాకా కొంత నిలిచింది.

మిగిలింది ముఖ్యంగా ఒక పుస్తకం. 6వ శతాబ్దం ఆరంభంలో ఇటలీలో, ఊదారంగు వేసిన తోలుమీద వెండి, బంగారు సిరాలతో రాసిన నాలుగు సువార్తలు. వెండి గ్రంథమని పేరు. మొదట 336 ఆకులు. వెయ్యేళ్లు కనబడకుండాపోయి, 16వ శతాబ్దంలో జర్మనీలోని వెర్డెన్ మఠంలో తేలింది. అక్కడినుంచి ప్రాగ్ చేరింది, 1648లో స్వీడన్ సైన్యం దోచుకుపోయింది. దోపిడీదారుల భాషలోని సువార్త దోపిడీసొమ్ముగా మారింది! హాలెండ్ వెళ్లి, 1669లో ఉప్సాలా విశ్వవిద్యాలయానికి కానుకగా వచ్చింది. 187 ఆకులు అక్కడే ఉన్నాయి. పాత నిబంధనలో నెహెమ్యా నుంచి కొన్ని తునకలు వేరేచోట దొరికాయి. ఇటలీలోని బొలోన్యాలో చెరిపి మళ్లీ రాసిన తోలు అడుగున మరికొంత గోతిక్ కనిపించి, 2013లో అచ్చయింది.

1665లో ఫ్రాన్సిస్కస్ జూనియస్ ఆ సువార్తలను తొలిసారి అచ్చువేశాడు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలంనుంచి వచ్చాయని చెప్పినప్పుడు గోతిక్‌నూ ఆ కుటుంబంలో కలపవచ్చన్నాడు. 1819లో యాకోబ్ గ్రిమ్ తన జర్మన్ వ్యాకరణం వెలువరించాడు. సిండ్రెల్లా కథ సేకరించిన గ్రిమ్ సోదరుల్లో పెద్దవాడీయన. ఆ భాషల క్రియలకు బలమైన, బలహీన అన్న పేర్లు ఆయన పెట్టినవే. బయటి ఆసరా లేకుండా తన లోపలినుంచే మారేది బలమైనది, చివర అతుకు కావలసినది బలహీనమైనది అని ఆయన లెక్క. ఆ లెక్కకు ఆయన దగ్గరున్న అతిపాత సాక్షి వుల్ఫిలా బైబిలు.

1970లో జర్మనీలోని స్పేయర్ కతీడ్రల్‌లో పాత అవశేషాల పెట్టె ఒకటి తెరిస్తే, కర్రకు చుట్టిన ఊదా తోలు ఆకు దొరికింది. వెండి గ్రంథం చిట్టచివరి ఆకు అది, మార్కు సువార్త ముగింపు. దానితో 188 అయ్యాయి. ఆయన లేచిన తర్వాత చూసినవారి మాట నమ్మనందుకు ప్రభువు పదకొండుగురిని గద్దించడం ఆ ఆకులో ఉంది. లేచినవాడు అన్నచోట ఉర్రీసన్ క్రియ నాలుగో రూపం, ఉర్రిసన్స్, వెండి అక్షరాల్లో ఉంది.